పోప్లర్ చెట్టు కింద పరిచిన పంచె

(విశాఖపట్నంలో మిద్దెతోటల వాళ్లూ, వృక్షశాస్త్రం విద్యార్థులూ కలిసి ఒక ఆదివారం సాయంత్రం పెట్టుకున్న సమావేశంలో, అటవీ కీటకాల మీద పనిచేసి రిటైరైన ఒకాయన చేసిన ప్రసంగం. రికార్డు విని రాసింది.)

అందరికీ నమస్కారం. వెనకాల వాళ్లకి వినిపిస్తోందా? బాబూ, ఆ ఫ్యాను ఒక్కటి కట్టెయ్యండి, నేను తెచ్చిన ఆకులు ఎగిరిపోతున్నాయి. ఉక్కపోస్తే తిట్టుకోండి, పర్వాలేదు.

ముందు ఒక సంజాయిషీ. ఈ కార్యక్రమం పెట్టిన కుర్రాళ్లు ఫోన్ చేసి, పురుగుల మీద ఏదైనా మాట్లాడండి సార్ అన్నారు. సరే, పోప్లర్ ఆకులు తినే పురుగుల గురించి మాట్లాడతానన్నాను. అవతల కాసేపు చప్పుడు లేదు. తర్వాత మెల్లిగా, "విశాఖపట్నంలో పోప్లర్ ఎక్కడుంది సార్?" అన్నారు. లేదు. ఇక్కడ ఎవరూ వెయ్యరు. దానికి చలికాలం కావాలి, గట్టి చలి. ఆకంతా రాల్చేసి రెండు మూడు నెలలు నిద్రపోవాలి. మన దేశంలో దాన్ని సుమారుగా 28 డిగ్రీల ఉత్తర అక్షాంశానికి పైనే వేస్తారు. మనం 17 దాటి 18 లోపు ఉన్నాం. మన చలి దాని దృష్టిలో చలే కాదు.

అయినా పోప్లర్ మీ ఇళ్లలో లేదని మాత్రం అనకండి. ఇంట్లో ప్లైవుడ్ అల్మరా ఉన్నవాళ్లు చేతులెత్తండి. చూశారా, ఎత్తనివాళ్లని లెక్కపెట్టడం సులువు. హర్యానాలో యమునానగర్ అని ఊరుంది. ప్లైవుడ్‌కి పేరుపడ్డ ఊరు. ట్రాక్టర్ ట్రాలీల నిండా తెల్లటి దుంగలు, రోడ్డు పొడుగునా బారులు. ఆ దుంగల్లో ఎక్కువ భాగం పోప్లరే. పెన్సిల్ చెక్కినట్టు దుంగని గుండ్రంగా తిప్పుతూ పలచని పొర తీస్తారు, ఎండబెడతారు, జిగురు పెట్టి అతికిస్తారు. అలా మీ వంటింటి తలుపయ్యింది. ఆ తలుపు మందం కొంతవరకు ఒక గొంగళిపురుగు చేతిలో ఉంటుంది. ఇవాళ దాని కథే.

ఇదిగో, ఇది రావి ఆకు. ఇప్పుడే బయట కోసుకొచ్చాను. దీని తోక తీసేసి, అంచుకి చిన్న చిన్న పళ్లు పెట్టుకుంటే సుమారుగా పోప్లర్ ఆకు అవుతుంది. గ్రీకు అక్షరం డెల్టాలాగా ముక్కోణం. అందుకే దాని శాస్త్రీయ నామం పాపులస్ డెల్టాయిడిస్. కాడ గుండ్రంగా ఉండదు, రెండు పక్కలా నొక్కేసినట్టు బల్లపరుపుగా ఉంటుంది. దాంతో గాలి లేదనుకున్న రోజున కూడా ఆకు గలగలమంటూనే ఉంటుంది, మన రావిచెట్టులాగే. నేను తెరాయిలో, అదే హిమాలయాల కాళ్ల దగ్గరుండే చిత్తడి పల్లపు నేలల్లో, కొన్నేళ్లు పనిచేశాను. కొత్తలో రాత్రిళ్లు ఆ చప్పుడు వింటూ పడుకుంటే రామకృష్ణా బీచ్ దగ్గర ఉన్నట్టుండేది. ఇంటి మీద బెంగపెట్టుకున్నవాడికి ఏ చప్పుడైనా సముద్రమే.

ఆ చెట్టు అమెరికాది. 1950ల్లో మన దేశానికి తెచ్చారు. 1980లు వచ్చేసరికి అగ్గిపెట్టెలు తయారుచేసే విమ్కో కంపెనీ పశ్చిమ ఉత్తరప్రదేశ్, పంజాబ్, హర్యానా రైతుల చేత పొలాల్లో వేయించింది. అగ్గిపుల్లకి కావలసిన మెత్తటి తెల్ల కర్ర. తర్వాత ప్లైవుడ్ దాన్ని అందుకుంది. రైతుకి నచ్చడానికి కారణం వేరే. చలికాలంలో చెట్టు మోడు, కింద గోధుమకి పూర్తిగా ఎండ. మొదటి రెండేళ్లు చెరకు వేసుకుంటాడు, తర్వాత గోధుమ. ఆరు నుంచి ఎనిమిదేళ్లలో చెట్టు కోతకొస్తుంది. ఐదు మీటర్లకీ నాలుగు మీటర్లకీ ఒకటి చొప్పున ఎకరానికి 200 చెట్లు. బ్యాంకు డిపాజిట్ లాంటిదనుకునేవారు, ఆడపిల్ల పెళ్లికని వేసినవాళ్లని నేనే చూశాను.

ఇక్కడే ఒక చిక్కుంది. పోప్లర్‌ని విత్తనంతో పెంచరు. కొమ్మ ముక్క గుచ్చితే వేరు పోసుకుంటుంది. బాగా పెరిగే చెట్టు ఒకటి దొరికితే దాని కొమ్మే అందరికీ పంచారు. జీ-48, జీ-3 అని పేర్లు. పేరుకి లక్ష చెట్లు, కానీ నిజానికి ఒకే చెట్టు లక్ష చోట్ల నిలబడి ఉన్నట్టు. పురుగు వైపు నుంచి ఆలోచించండి. ఒకే వంట, ఒకే రుచి, వడ్డించిన విస్తరి కిలోమీటర్ల పొడుగున. విస్తరి అంత పొడుగు పరిచాక అతిథి రాకుండా ఉంటాడా?

అతిథి పేరు క్లోస్టెరా కుప్రియేటా. దాని తోబుట్టువు క్లోస్టెరా ఫుల్గురిటా. మరీ భయపడకండి, వ్రాతపరీక్ష లేదు. కుప్రియేటా అంటే రాగి రంగుది అని. తల్లి పురుగు, అంటే రెక్కల పురుగు, చూడ్డానికి ఏమీ ఉండదు. గోధుమ రంగు, మన గుప్పిట్లో ఇమిడే ప్రాణి. కూర్చునే తీరు మాత్రం తమాషా. నూగున్న ముందుకాళ్లు రెండూ బారజాపి, తోక పైకెత్తి కూర్చుంటుంది, కోపమొచ్చిన పిల్లిలాగా. ఇది ఆకు కొరకదు. రెక్కలొచ్చాక దానికున్న పని రెండే: జతకట్టడం, గుడ్లు పెట్టడం. తినే పనంతా చిన్నప్పుడే చేసేసింది.

గుడ్లు ఆకు అడుగున గుంపుగా, ఒక్క వరసలో పేర్చినట్టు పెడుతుంది. గుడ్లు పగిలి పిల్లలు బయటికొచ్చాక మొదట కలిసే తింటాయి. పక్కపక్కనే తలలు ఆనించుకుని, పంక్తి భోజనం. అప్పటికి వాటి దవడలకి ఈనెలు కొరికే బలం ఉండదు, పైన పచ్చదనం మాత్రం గీరుకుని తింటాయి. ఆకుని వెలుతురుకి ఎత్తి చూస్తే జల్లెడలా కనిపిస్తుంది. ఈ దశ గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాను. కుబుసం విడుస్తూ పెరిగేకొద్దీ విడిపోతాయి. ఎవరి ఆకు వారిది. ఆకుని మడిచి, పట్టుదారంతో కుట్టుకుని, పగలు అందులో దాక్కుంటాయి. తిండి ఎక్కువవుతుంది. గొంగళిపురుగు జీవితం మొత్తం మీద తినే ఆకులో చాలా భాగం చివరి రెండు దశల్లో తింటుంది, అదీ కొద్ది రోజుల్లో. చివరికి మధ్య ఈనె, దాని కొమ్మలు తప్ప మిగలవు. ఆ తర్వాత మడిచిన ఆకులోనే గూడు కట్టుకుని ప్యూపా, అంటే రెక్కలొచ్చే ముందు తినకుండా ఉండిపోయే దశ, అవుతుంది. వేసవి, వానాకాలాల్లో ఈ చక్రమంతా సుమారు నెల రోజుల వ్యవహారం.

ఏడాదిలో ఎనిమిది తరాల దాకా నడుస్తాయి. మార్చిలో చిగురుతో మొదలు, నవంబరులో ఆకు రాలేదాకా. ఒక్కసారి వేళ్ల మీద లెక్కేద్దాం. ఒక తల్లి 200 గుడ్లు పెట్టిందనుకోండి. లెక్క కోసమే అంటున్నాను. అందులో నూటికి 95 చచ్చిపోయాయనుకుందాం, చాలా మంచి రోజన్నమాట. మిగిలింది పది. సగం ఆడవి, ఐదు. ఒకటికి ఐదు. తర్వాతి నెల ఇరవై ఐదు. ఆపై నూట ఇరవై ఐదు. ఐదో నెల దాటేసరికి మూడు వేలు దాటిపోయాయి. నూటికి 95 చచ్చినా కూడా! నూటికి 99 చస్తే? రెండు మిగులుతాయి, ఒకటి ఆడది. ఒకటికి ఒకటి. రైతుకి పురుగుందన్న సంగతే తెలియదు. అంటే మంచి ఏడాదికీ, తోట మోడైపోయిన ఏడాదికీ మధ్య తేడా ఆ నాలుగు శాతం. ఆ నాలుగింటినీ ఎవరు చంపుతున్నారన్నదే అసలు ప్రశ్న.

మార్చిలో రైతుకి ఏమీ కనిపించదు. ఏప్రిల్‌లో ఏమీ కనిపించదు. వానలు పడి ఆగస్టు వచ్చేసరికి ఒక పొద్దున్న లేచి చూస్తే తోటలోంచి ఆకాశం కనిపిస్తుంది. "రాత్రికి రాత్రి తినేశాయి సాబ్" అంటాడు. రాత్రికి రాత్రి కాదు, ఐదు నెలలుగా తింటున్నాయి. చివరి వారం మాత్రమే కంటికి కనపడింది.

ఇక్కడ నేను చేసిన ఒక తప్పు చెప్పాలి. తెరాయికి వెళ్లిన మూడో ఏడు. రుద్రపూర్ దగ్గర ఒక ఊళ్లో సర్దార్‌జీ ఒకాయన తోట, రెండేళ్ల చెట్లు. ఆగస్టులోనే నన్ను పిలిచారు. వెళ్లాను. లోపల అడుగుపెట్టగానే చినుకులు పడుతున్న చప్పుడు. పైకి చూస్తే ఎండ. చేతి మీద ఏదో రాలింది. నల్లటి గింజ. మేక పెంటికని పది వంతులు చిన్నది చేస్తే ఎలా ఉంటుందో అలా. గొంగళిపురుగుల పెంట అది. తోటంతా ఎండుటాకుల మీద చిటపట చిటపట రాలుతోంది. ఆ చప్పుడు ఒక్కసారి వింటే మరిచిపోలేరు. తోట మిమ్మల్ని నములుతున్నట్టుంటుంది.

నేను కుర్రవాణ్ని. ఆయన ముందు ఏదో ఒకటి చెయ్యాలి. ఊరుకోమని చెప్తే ఏం శాస్త్రవేత్త? మందు కొట్టమన్నాను. ఆయన ట్రాక్టరు పంపు తెచ్చి, అప్పులో మందు కొనుక్కొచ్చి, రెండు రోజులు కొట్టించారు. పురుగులు రాలాయి కూడా. ఆయన నాకు లస్సీ ఇచ్చారు. నేను గొప్పవాణ్నయిపోయాను.

ఐదు వారాలకి మళ్లీ కబురు. ఈసారి మొదటిసారి కన్నా ఎక్కువ. తలదించుకుని నడుస్తూ నేల చూశాను. అప్పుడు అర్థమైంది. నేను మందు కొట్టించేసరికే పెద్ద పురుగుల్లో చాలా భాగం మడిచిన ఆకులో గూడు కట్టేసుకున్నాయి. మందు వాటిని తాకలేదు. మరి ఎవరిని తాకింది? సాలీళ్లని, కందిరీగల్ని, గుడ్ల మీద బతికే సూక్ష్మమైన పరాన్నజీవుల్ని. అవి ఆకు మీదే తిరుగుతుంటాయి కదా. నేను చెప్పిన నాలుగు శాతాన్ని చంపేవాళ్లని నేనే చంపించాను. సర్దార్‌జీ ఏమీ అనలేదు. ఈసారి లస్సీ కూడా ఇవ్వలేదు.

(నవ్వులు)

నవ్వండి, నేనూ ఇప్పుడు నవ్వుతాను. కానీ అప్పట్నుంచీ తోటకి వెళ్తే ఒక పాత తెల్ల పంచె సంచిలో పెట్టుకునేవాణ్ని. చెట్టు కింద పరిచి, నాలుగు మూలలా రాళ్లు పెట్టి, గంట ఆగి, పడిన పెంట లెక్కపెట్టేవాణ్ని. ఇరవై మీటర్ల ఎత్తున ఏం జరుగుతోందో నిచ్చెనెక్కి చూడలేం కదా, చెట్టే కిందికి ఉత్తరం పంపుతోంది, చదువుకోవాలి. ఆవగింజలో సగం ఉంటే పురుగు ఇంకా పసిది, చర్యకి సమయముంది. మిరియం గింజలో సగం ఉంటే పని అయిపోయింది, మందు కొట్టినా డబ్బు దండగ. ఊళ్లో నాకు 'ధోతీవాలా సాబ్' అని పేరు కూడా పెట్టారు. కట్టుకున్న పంచె అనుకుని ఒకావిడ జాలిపడింది.

సరే. ఇప్పుడు మీకో సందేహం రావాలి. ఆకులన్నీ పోయాక చెట్టు చస్తుందా? చావదు. ఒక్కసారి ఆకు పోగొట్టుకున్న పోప్లర్ మళ్లీ చిగురిస్తుంది. వేళ్లలో, కాండంలో దాచుకున్న పిండిపదార్థం ఖర్చు పెట్టుకుంటుంది. అందుకే ఆ ఏడు లావెక్కదు. అదే ఏడు రెండోసారి, మూడోసారి పోతే దాచుకున్నది కూడా అయిపోతుంది, అప్పుడు కొమ్మలు ఎండుతాయి. నర్సరీలో ఏడాది మొక్కకైతే ఒక్కసారే చాలు, అది అమ్మకానికి పనికిరాదు. కాబట్టి ఎంత ఆకు పోయిందన్నది ఒక లెక్క, ఎప్పుడు పోయిందన్నది ఇంకో లెక్క. అక్టోబరు చివర్లో తోట మోడైందని ఎవరైనా ఏడిస్తే నేను ఓదార్చి వచ్చేసేవాణ్ని. ఇంకో నెలలో ఆ చెట్టే రాల్చుకోబోయే ఆకు అది.

దీనికి ఒక గట్టి సాక్ష్యం టేకులో ఉంది, మనకి దగ్గరి చెట్టు. టేకుకి ఆకు తినే పురుగులు ముఖ్యంగా రెండు. హిబ్లియా పూరా అనేది లేత చిగురు వచ్చే రోజుల్లో, తొలకరి వేళకి దిగి ఆకు మొత్తం తినేస్తుంది. ఇంకోటి ఆకుని జల్లెడ చేసే పురుగు, సీజను చివర్లో వస్తుంది. కేరళ అటవీ పరిశోధన సంస్థ వాళ్లు నీలంబూరులో లేత టేకు తోటల్లో దీన్ని కొలిచారు. కొన్ని చెట్లని పురుగు నుంచి కాపాడారు, కొన్నిటిని వదిలేశారు. హిబ్లియా వల్ల పెరగాల్సిన కలపలో 44 శాతం పెరగకుండా పోయింది. సీజను చివర్లో వచ్చేదాని వల్ల చెప్పుకోదగ్గ నష్టం తేలలేదు. కంటికి రెండూ ఒకేలా ఉంటాయి. నిజానికి రెండోదే ఎక్కువ వికారంగా ఉంటుంది, కొండంతా కాలినట్టు. నల్లమలలో బస్సులో పోతూ "అయ్యో, టేకంతా పోయింది" అనుకుంటాం. పోయింది ఏమీ లేదు.

ఇప్పుడు మందులకి వద్దాం. మందు అంటే డబ్బా ఒక్కటే కాదని మీకు తెలుసు.

అన్నిటికన్నా చవకైన పని జనవరిలో ఉంది. చెట్టు మీద ఆకు లేదు, పురుగూ కనపడదు. ఎక్కడికి పోయింది? కిందే ఉంది, రాలిన ఆకుల్లో, చెత్తలో చలికాలం గడుపుతోంది. మార్చిలో మొదటి తరం ఇక్కణ్నుంచే లేస్తుంది. గోధుమకి దున్నినచోట సగం ఆకు మట్టిలో కలిసిపోతుంది. కానీ చెట్ల వరస పొడుగునా నాగలి పోని ఒక మూర వెడల్పు పట్టీ మిగులుతుంది, గట్ల మీద కూడా. నేను పంచెతో పాటు చిన్న దంతె కూడా పట్టుకెళ్లి, ఆ మూర పట్టీ ఊడ్పించేవాణ్ని. పాత సలహా పుస్తకాల్లో పోగుచేసి తగలబెట్టమని ఉంటుంది. నాకు ఆ సలహా నచ్చదు. అక్కడి చలికాలం పొగ సంగతి మీరు టీవీలో చూస్తూనే ఉన్నారు. గోతిలో వేసి మట్టి కప్పితే ఎరువవుతుంది, పురుగు పైకి రాలేదు. రైతు మాత్రం ఒప్పుకోవడం కష్టం. ఆగస్టులో మందుకి మూడు వేలు ఖర్చుపెట్టేవాడు జనవరిలో ఇద్దరు కూలీలని పెట్టడు. కనపడని దాని మీద డబ్బు పెట్టమంటే ఎవరికి మనసొప్పుతుంది?

రెండోది, గుడ్ల దగ్గర. ట్రైకోగ్రామా పేరు ఎవరైనా విన్నారా? ఆ వెనకాల పెద్దాయన తలూపుతున్నారు. అనకాపల్లి వైపా అండీ? అనుకున్నాను. చెరకు పీకపురుగుకి కార్డులు కట్టి ఉంటారు. అదే ప్రాణి. అర మిల్లీమీటరు ఉండే కందిరీగ జాతిది, కుట్టదు. పురుగు గుడ్డులో తన గుడ్డు పెడుతుంది. గొంగళిపురుగు పుట్టాల్సిన చోట ఇది పుడుతుంది. అలా కబ్జా అయిన గుడ్డు నల్లబడిపోతుంది, భూతద్దంతో తేలిగ్గా పోల్చుకోవచ్చు. దీన్ని లేబొరేటరీలో పెంచడానికి దేన్ని వాడతారో తెలుసా? మీ బియ్యం డబ్బాలో దారాలు కట్టే తెల్లటి పురుగు ఉంటుందే, దాని తల్లి పురుగు గుడ్లు. ఒక అట్ట మీద సుమారు 20,000 గుడ్లు జల్లి అతికించి, వాటిని ట్రైకోగ్రామాకి అప్పజెపుతారు. ఆ అట్టముక్కలే ట్రైకో కార్డులు. కత్తిరించి ఆకు అడుగున పిన్ను పెట్టడమే. తల్లి పురుగులు దీపాలకి రావడం మొదలెట్టిన వారంలో కట్టాలి. గుడ్లు పగిలి పిల్లలు వచ్చేశాక కడితే ట్రైకోగ్రామాలు చూస్తూ కూర్చుంటాయి. అందుకే దీపపు ఎర ఒకటి పెట్టుకోమంటాం. దాని పని పురుగుల్ని చంపడమనుకుంటారు, నా లెక్కలో దాని పని క్యాలెండరు.

మూడోది, పంక్తి భోజనం దశలో. గుర్తుపెట్టుకోమన్నానే, అది. పసిపురుగులు ఒకే ఆకు మీద గుంపుగా ఉన్నప్పుడు నర్సరీలో అయితే ఆ ఆకు తుంచి సబ్బునీళ్లలో వేస్తే అయిపోయింది. ఒక్క ఆకుతో వంద పురుగులు. పెద్ద తోటలో బీటీ వాడొచ్చు. బాసిల్లస్ తురింజియెన్సిస్ అనే బ్యాక్టీరియా. అది ఒక స్ఫటికంలాంటి ప్రొటీను తయారుచేస్తుంది. మన కడుపు పులుపు, గొంగళిపురుగు కడుపు సున్నపునీళ్ల లాంటిది. ఆ సున్నంలో ఈ స్ఫటికం కరిగి, పేగు గోడకి చిల్లులు పెడుతుంది. పురుగు కొన్ని గంటల్లో తిండి మానేస్తుంది, రెండు మూడు రోజుల్లో చస్తుంది. చావకముందే తినడం మానడం మనకి కావలసింది. సాలీడుకీ, కందిరీగకీ, గోరింకకీ ఏమీ కాదు. కానీ మింగాలి, ఒంటి మీద పడితే చాలదు. ఎండకి పాడైపోతుంది, సాయంత్రం కొట్టాలి. పెద్ద పురుగు మీద అంతగా పనిచెయ్యదు.

ఒక హెచ్చరిక. ఈ బ్యాక్టీరియాని మొట్టమొదట 1901లో జపాన్‌లో ఇషివాటా అనే ఆయన కనిపెట్టింది చచ్చిపోతున్న పట్టుపురుగుల్లోనే. పదేళ్ల తర్వాత 1911లో జర్మనీలో బెర్లినర్ పిండిపురుగులో చూసి, ఆ ప్రాంతం తురింజియా పేరు పెట్టాడు. కాబట్టి మల్బరీ తోట పక్కన బీటీ పంపు పట్టుకుని ఎవరైనా కనిపిస్తే చెయ్యి పట్టుకుని ఆపండి. మంచి మందు అన్న మాట ఎప్పుడూ ఎవరికి మంచిదని అడగాలి.

వైరస్ కూడా ఉంది. శనగకి, పత్తికి ఎన్‌పీవీ వాడిన రైతులకి తెలుసు. జబ్బుపడ్డ పురుగు కొమ్మ చివరికి ఎక్కి, తలకిందులుగా వేలాడి, కుళ్లి కారిపోతుంది. కింది ఆకుల మీద ఆ చుక్కలు పడి మిగతావాటికి అంటుకుంటుంది. తన శవాన్ని తనే సరైన చోటికి మోసుకెళ్లేట్టు చేస్తుంది ఆ వైరస్. మరీ భోజనం ముందు చెప్పే విషయం కాదులెండి.

రసాయనాలు అస్సలు వద్దని నేను అనను. నర్సరీలో, మొదటి ఏడాది మొక్క మీద, పురుగు పసిదిగా ఉండగా, ఒకసారి తప్పదనుకుంటే సరే. మూడో ఏడు దాటిన చెట్టు మీద మీ పంపు అందదు. అందినంత మేరా కొడితే సగం మందు కింద పశువుల మేత మీద పడుతుంది. అప్పుడు పురుగు బతుకుతుంది, పాలు విషమవుతాయి.

ఇంకో సంగతి చెప్పకుండా ఉండలేను, పురుగుల వాళ్లం ఎక్కడ కలిసినా చెప్పుకునే కథ. 1860ల చివర్లో అమెరికాలో, బోస్టన్ పక్కన మెడ్‌ఫర్డ్ ఊళ్లో త్రూవెలో అనే ఫ్రెంచివాడు పట్టు తీద్దామని యూరప్ నుంచి ఒక చిమ్మెట గుడ్లు తెచ్చుకున్నాడు. అందులో కొన్ని తప్పించుకుపోయాయి. ఆయన తర్వాత పురుగులు మానేసి గ్రహాలు, తోకచుక్కల బొమ్మలు వేసి పెద్ద పేరు తెచ్చుకున్నాడు. ఇరవై ఏళ్లు తిరిగేసరికి 1889లో ఆ ఊరి చెట్లన్నీ మోళ్లు. లైమాంట్రియా డిస్పార్ దాని పేరు. ఓక్ దానికి ఇష్టం, పోప్లర్ కూడా తింటుంది. దాని చుట్టమే ఒకటి మన కశ్మీర్, హిమాచల్‌లో విల్లో, పోప్లర్, ఆపిల్ చెట్ల మీద ఉంది. అమెరికా వాళ్లు ఆ మెడ్‌ఫర్డ్ చిమ్మెటని అదుపు చెయ్యడానికి 1906లో యూరప్ నుంచి ఒక ఈగని తెచ్చి వదిలారు. పురుగుల మీద బతికే ఈగ. మంచి ఆలోచనే. కానీ ఆ ఈగకి రుచి పట్టింపు లేదు. 180కి పైగా జాతుల పురుగుల్లో పెరగగలదు. వాళ్ల దేశపు పెద్ద పెద్ద పట్టు చిలుకల్ని అదే తినేసింది, అసలు పిలిచిన పని మాత్రం సగమే చేసింది. బయటినుంచి బంట్రోతుని తెచ్చేముందు వాడేం తింటాడో అడగాలి. చిత్రమేమిటంటే చివరికి ఆ చిమ్మెటని బాగా దెబ్బకొట్టింది 1989లో దాని మీద బయటపడిన ఒక బూజు. ఆ ఏడు ఎవరూ మందుగా చల్లింది కాదు, దానంతటదే పాకింది.

సమయం అయిపోతోందని సైగ చేస్తున్నారు. మన ఊరి మాట ఒక్కటి చెప్పి ఆపేస్తాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చి వెళ్లాక ఈ ఊరు ఎలా ఉందో ఇక్కడ చాలామందికి గుర్తుంటుంది. కైలాసగిరి కొండ గోధుమ రంగుకి తిరిగిపోయింది. గాలే ఆకులన్నీ దూసేసింది, ఏ పురుగూ అంత పని చెయ్యలేదు. అయినా కొన్నాళ్లకి నిలబడ్డ మోళ్లన్నీ చిగుర్లు తొడిగాయి. ఆ చిగుర్లు చూసినవాళ్లకి ఆకు పోతే చెట్టు చస్తుందా అన్న ప్రశ్నకి నేను జవాబు చెప్పక్కర్లేదు. ఆ తర్వాత తొందరగా నీడ కావాలని వీధుల్లో ఏడాకుల చెట్లు విరివిగా పెట్టారు. తప్పని అనను. కానీ ఒకే చెట్టు వరసగా పెడితే ఏమవుతుందో ఇందాక గంట సేపు చెప్పాను. అడగండి, ఏమైనా ఉంటే.

(సభలోంచి ఒకరు: మా వీధిలో ఆ ఏడాకుల చెట్టుకే సార్, ఆకులన్నీ చుట్టలు చుట్టుకుపోయి ఎండిపోతున్నాయి.)

చుట్ట విప్పి చూశారా? లోపల ఆకుపచ్చటి పురుగు, దారాలు, నల్లటి పెంట ఉంటాయి. పారోటిస్ అని, దాని తల్లి పురుగు చాలా అందంగా ఉంటుంది, లేత ఆకుపచ్చ రెక్కలకి గోధుమ రంగు అంచు, చీరకి జరీ పెట్టినట్టు. మీ ఇంట్లో ట్యూబ్‌లైట్ దగ్గరికే వచ్చి ఉంటుంది. చెట్టు పెద్దదైతే వదిలెయ్యండి, మళ్లీ చిగురేస్తుంది. చిన్న మొక్కైతే చుట్టలు తుంచి సబ్బునీళ్లలో పడెయ్యండి. కింద రాలిన చుట్టలు కూడా ఊడవండి.

(వెనక వరసలోంచి ఒక పెద్దావిడ: బాబూ, మా పెరట్లో మునగచెట్టు మానంతా బొంతపురుగులు. మా కోడలు చెట్టు కొట్టించేద్దామంటోంది.)

అయ్యో, కొట్టించకండమ్మా. ఇవి మీ పాలిట మంచి పురుగులు. నవ్వకండి, నిజమే. రాత్రి పైకెక్కి ఆకు తిని, పగలు మాను మీద గుంపుగా, గొర్రెల మందలాగా అంటుకుని ఉంటాయి. నిచ్చెనక్కర్లేదు, పంపక్కర్లేదు. మన పల్లెల్లో కాగడాతో కాల్చేవారు, మానుకి బెరడు కాలుతుంది, వద్దు. చేతులు నిండా కప్పుకుని, ఆ బొచ్చు తగిలితే దద్దుర్లు వస్తాయి, పాత చీపురుతో సబ్బునీళ్ల బకెట్లోకి గీకెయ్యండి. మందు మాత్రం కొట్టకండి, ఆ ఆకు మీరు కూర వండుకుంటారు. పని అయ్యాక చెట్టు మొదట్లో మట్టి ఒకసారి తిరగేయించండి, ప్యూపాలు అక్కడే ఉంటాయి.

(పెద్దావిడ: నాకు భయం బాబూ, ఒళ్లంతా దురద.)

ఇల్లెక్కడమ్మా మీది? మద్దిలపాలెమా? దారిలోదే. రేపు పొద్దున్న ఏడింటికి వస్తాను. బకెట్, చీపురు మీరు పెట్టండి. పంచె నేను తెచ్చుకుంటాను.